పాత ఇంట్లో దొరికిన వాల్‌పేపర్ డిజైన్‌ని మళ్లీ ప్రింట్ చేయించుకోవడం ఎలా

అమెరికాలో 1900కి అటూ ఇటూ కట్టిన ఇళ్లు కొన్న మనవాళ్లు ఈమధ్య తెగ అడుగుతున్నారు. కిచెన్ రీమోడల్ కోసం క్యాబినెట్ పీకితే వెనకాల పూల పేపర్ కనపడింది, మిగిలింది చిన్న ముక్కే, అదే డిజైన్ గది మొత్తం వేయించుకోవచ్చా అని. వేయించుకోవచ్చండి, దానికి మీకు బొమ్మలు వేయడం గొప్పగా రానక్కర్లేదు, టేపు పట్టుకుని ఓపిగ్గా కొలవడం వస్తే చాలు. ఈ పనిలో పువ్వు అందంగా రాక పాడైన గోడలు తక్కువ, కొలత తప్పి పాడైనవే ఎక్కువ. అందుకే కింద కొలతల గురించి కాస్త విసిగించేంత రాశాను, ఓర్చుకోండి.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు

1978కి ముందు కట్టిన ఇల్లయితే ఆ గోడల రంగుల్లో, తలుపు చెక్కల రంగుల్లో సీసం (లెడ్) ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా గీకొద్దు, శాండ్‌పేపర్ అసలు ముట్టుకోవద్దు, తడి చేశాకే పని చేయండి, ఆ గదిలోకి చిన్నపిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్లనీ రానీయొద్దు. మామూలు ఇంటి వ్యాక్యూమ్‌తో ఆ దుమ్ము ఊడిస్తే ఇల్లంతా చల్లినట్టే, సన్నటి దుమ్ముని కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి.

రెండోది ఆకుపచ్చ రంగు. 1775లో షీలే అనే కెమిస్ట్ తయారుచేసిన పచ్చ, తర్వాత 1814లో వచ్చిన ఎమరాల్డ్ గ్రీన్, రెండిట్లోనూ ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది, 19వ శతాబ్దం పేపర్లలో వీటిని విచ్చలవిడిగా వాడేశారు. ఆ కాలం పేపర్ మీద పచ్చ మరీ మెరుపుగా కనిపిస్తే గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోకండి, చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి రిజల్ట్ వచ్చేదాకా దాన్ని తడపడం, ఊడదీయడం ఆపేయండి. కంటితో చూసి ఇది ఆర్సెనిక్ పచ్చ, ఇది కాదు అని చెప్పడం ఎవరివల్లా కాదు, చెప్పేవాళ్లని నమ్మొద్దు.

కావాల్సినవి

స్టీల్ టేపు (బట్టలు కుట్టే టేపు సాగుతుంది, వద్దు), మెత్తటి పెన్సిల్, పెద్ద ట్రాన్స్‌పరెంట్ మైలార్ (గట్టి ప్లాస్టిక్) షీట్లు, వెడల్పాటి పల్చటి గరిటె లాంటి పుట్టీ నైఫ్, నీళ్లు కొట్టే స్ప్రే బాటిల్, బ్లాటింగ్ పేపర్, ఏసిడ్ ఫ్రీ ఫోల్డర్లు (కాగితాన్ని పాడుచేయనివి), గ్రే కార్డు (ఫోటోలో రంగులు సరిచూసుకునే బూడిద రంగు కార్డు), ఏదో ఒక పెయింట్ కంపెనీ షేడ్ కార్డుల కట్ట, ఏ4 స్కానర్, కంప్యూటర్లో క్రిటా గానీ గింప్ గానీ ఇంక్‌స్కేప్ గానీ. ఈ మూడు డ్రాయింగ్ ప్రోగ్రాములూ ఫ్రీయే. ఫోటోషాప్ ఉంటే సరే, లేదని కొనక్కర్లేదు.

1. ముక్కల కోసం ఇల్లంతా వెతకండి

దొరికిన మొదటి ముక్కతోనే పని మొదలుపెట్టేస్తారు చాలామంది, అది తొందరపాటు. స్విచ్ ప్లేట్ విప్పి చూడండి, రేడియేటర్ వెనక చూడండి, క్లోజెట్ లోపలి గోడలు, బేస్‌బోర్డ్ వెనకాల, తలుపు చట్రం చెక్క తీస్తే దాని కింద, సీలింగ్ లైట్ బేస్ కింద, తర్వాత కట్టించిన అల్మరాల వెనక. ఎండ తగలని, ఎవరూ తడిబట్టతో తుడవని చోట్లన్నమాట. అక్కడ దొరికే రెండంగుళాల ముక్క ఒక్కోసారి హాల్లో దొరికిన రెండడుగుల ముక్క కంటే విలువైనది, ఎందుకంటే అసలు రంగు మిగిలేది అందులోనే.

ప్రతి ముక్కకీ నంబరు ఇవ్వండి, గోడ స్కెచ్ గీసి ఏ నంబరు ఎక్కడిదో, ఏది పైవైపో రాసుకోండి. పైవైపు రాసుకోకపోతే తర్వాత ఆకు కిందకి వంగిందో పైకి లేచిందో తెలీక జుట్టు పీక్కోవాలి.

పేపర్ అంచు దొరికితే జాగ్రత్త. పాత రోల్స్‌కి రెండు పక్కలా డిజైన్ లేని సన్నటి పట్టీ ఉండేది, దాని మీద కొన్నిసార్లు కంపెనీ పేరు, ప్యాటర్న్ నంబరు ప్రింట్ చేసేవాళ్లు. అంటించేటప్పుడు కత్తిరించేసేవాళ్లు కాబట్టి అరుదే గానీ, దొరికిందంటే మీ పని సగం అయిపోయినట్టు. న్యూయార్క్‌లోని కూపర్ హ్యూయిట్ మ్యూజియం, బోస్టన్ వైపు హిస్టారిక్ న్యూ ఇంగ్లండ్, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, వీళ్ల వాల్‌పేపర్ కలెక్షన్లు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. పేరు తెలీకపోయినా దశాబ్దం, పువ్వు రకం పెట్టి వెతకండి, మీ డిజైన్ పూర్తి షీటు దొరికే అవకాశం ఉంది.

2. గోడ మీద ఉండగానే కొలవండి

ఊడదీశాక కొలిస్తే తప్పు వస్తుంది. జిగురు తడికి పేపర్ సాగుతుంది, గోడకి అతుక్కుని అలాగే ఆరిపోతుంది. మీరు దాన్ని ఊడదీసి విడిగా ఆరబెడితే కాస్త ముడుచుకుంటుంది. తేడా చిన్నదే, కానీ పాత పేపర్ పక్కనే కొత్తది అతికించాలనుకుంటే ఆ చిన్నదే కొంప ముంచుతుంది.

కొలవాల్సింది రిపీట్, అంటే డిజైన్ ఎంత దూరానికి మళ్లీ మొదటికొస్తోంది అన్నది. స్పష్టంగా ఉన్న ఒక చిన్న పాయింట్ పట్టుకోండి, ఆకు కొన గానీ మొగ్గ చివర గానీ, పువ్వు మధ్య అని ఉజ్జాయింపుగా వద్దు. అక్కడ్నుంచి పైన అదే పాయింట్ దాకా. ఒక రిపీట్ కాకుండా మూడు రిపీట్లు కలిపి కొలిచి మూడుతో భాగించండి. మూడిటికి 55న్నర అంగుళాలు వస్తే రిపీట్ 18న్నర. అడ్డంగా కూడా ఇలాగే. తర్వాత పేపర్ అతుకు నుంచి అతుకుకి వెడల్పు కొలవండి. ఇంగ్లండ్ పేపర్లు సాధారణంగా 21 అంగుళాలు ఉండేవి, అమెరికా మెషీన్ పేపర్లు ఎక్కువగా 18 నుంచి 20 మధ్యలో ఉంటాయి. మీ గోడ ఎంత చెప్తే అంతే, పుస్తకంలో లెక్క కాదు.

ఇక అతుకు దగ్గర డిజైన్ ఎలా కలుస్తుందో చూడండి. ఇది ముగ్గు వేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, సరి చుక్కలు, సందు చుక్కలు తేడానే ఇదీ. పక్క పట్టీలో (గోడకి నిలువుగా అంటించే ఒక్కో పేపర్ పొడవుని ఇక్కడ్నుంచి పట్టీ అంటున్నాను) అదే పువ్వు అదే ఎత్తులో వస్తే స్ట్రెయిట్ మ్యాచ్, సగం రిపీట్ కిందకి జారి సందులో పడితే హాఫ్ డ్రాప్. హాఫ్ డ్రాప్‌ని స్ట్రెయిట్ అనుకుని ఫైల్ చేసేస్తే గోడ మీద పువ్వులన్నీ అడ్డంగా లైన్లు కట్టేస్తాయి, దూరం నుంచి చూస్తే చారల గోడ లాగా ఉంటుంది. చాలా ఎక్కువగా జరిగే తప్పు ఇది.

మైలార్ షీటు గోడకి టేపుతో తగిలించి, మెత్తటి పెన్సిల్‌తో ఔట్‌లైన్ గీసుకోండి. ఇంకు పెన్ను జారితే పాత పేపర్ మీద మరక పడుతుంది, వద్దు. ఫోటోలు ఎన్ని తీసినా ఈ ట్రేసింగ్ ఉండాల్సిందే, ఎందుకంటే ఇది ఒకటికి ఒకటి సైజు, దీనికి లెన్స్ వంకర ఉండదు.

3. ఊడదీయడం (అవసరమైతేనే)

ముందు తడి దూది పుల్ల ఒక మూల మీద మెల్లిగా అద్దండి. రంగు దూదికి వచ్చేస్తే అది డిస్టెంపర్ రంగు, అంటే సుద్ద, జంతువుల జిగురు, రంగుపొడి కలిపింది, నీళ్లు తగిలితే కరిగిపోతుంది. అలాంటిదాన్ని ముందు నుంచి తడపకండి, వెనక ప్లాస్టర్ వైపు నుంచి పొడిగా గరిటె దూర్చి ఎంత వస్తే అంత. రాకపోతే వదిలేయండి, మీ దగ్గర ట్రేసింగ్ ఉంది కదా.

రంగు ఊడట్లేదంటే గోరువెచ్చటి నీళ్లు స్ప్రే చేసి, బ్లాటింగ్ పేపర్ కప్పి కాసేపాగండి. పాత ఇళ్లల్లో ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పేపర్లు ఉంటాయి, పాత పిండి జిగురు నానితే ఒక్కో పొర దానంతటదే విడుతుంది. ప్రతి పొరకీ ఫోటో తీసి వరస నంబరు వేసుకోండి, మీకు నచ్చింది మూడో పొర అయినా మిగతావి పారేయొద్దు. స్టీమర్ వాడితే పని త్వరగా అవుతుంది, రంగు కూడా అంతే త్వరగా పోతుంది, శాంపిల్ తీసేటప్పుడు మాత్రం నేను వద్దంటాను.

ఒక క్లోజెట్లోనో తలుపు వెనకో కాస్త పేపర్ గోడకే వదిలేయండి. రేపు ఏదైనా అనుమానం వస్తే వెళ్లి చూసుకోడానికి.

4. స్కాన్, ఫోటో

ముక్క స్కానర్లో పడితే స్కానే చేయండి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పెద్దదైతే ఒకదాని మీద ఒకటి రెండంగుళాలు కలిసేలా భాగాలుగా. మైలార్ ట్రేసింగ్ కూడా ఇలాగే ముక్కలుగా స్కాన్ చేసుకోండి. గోడ మీదున్నదాన్ని ఫోటో తీయాలంటే ఫోన్ దూరంగా పట్టుకుని కాస్త జూమ్ చేయండి, దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగిపోతాయి. ఫ్రేములో స్టీల్ స్కేలు, గ్రే కార్డు రెండూ ఉండాలి. ఫ్లాష్ వద్దు. 12 మెగాపిక్సెల్ ఫోటోలో 18 అంగుళాల రిపీట్ ఫ్రేము నిండా వస్తే చిన్న వైపు 3000 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 166. ప్రింట్‌కి 150 డీపీఐ సరిపోతుంది గానీ గీయడానికి ఇంకా వివరం ఉంటే సుఖం, అందుకే ఔట్‌లైన్ కోసం ఫోటోని కాకుండా ట్రేసింగ్‌ని నమ్ముకోండి.

ఫోటో ఏఐకి ఇచ్చి అతుకు తెలీని (సీమ్‌లెస్) ప్యాటర్న్ చేసిపెట్టమంటే అయిపోదా అని అడుగుతారు. అయిపోతుంది, కానీ అది మీ పేపర్ కాదు. లేని ఆకులు కలుపుతుంది, తొడిమలు మార్చేస్తుంది, రిపీట్ కొలత దానిష్టం. మీకు అలాంటి పేపర్ ఏదో ఒకటి చాలు అనుకుంటే షాపులో బోలెడున్నాయి, ఇంత కష్టం దేనికి?

5. రంగులు పట్టుకోవడం

స్క్రీన్ మీద ఐడ్రాపర్ (ఫోటోలోంచి రంగు తీసుకునే టూల్) పెట్టి రంగు లాగేస్తే మీకొచ్చేది నూరేళ్ల మురికి రంగు. చెక్కగుజ్జుతో చేసిన పేపర్ గోధుమరంగులోకి మారుతుంది, కొన్ని గులాబీ ఎరుపులు ఎండకి దాదాపు తెల్లబోతాయి, పైన పొగ, నూనె జిడ్డు. కాబట్టి రంగు ఎప్పుడూ దాక్కున్న ముక్క నుంచే. అన్నిటికంటే మంచి చోటు అతుకు, ఒక పట్టీ అంచు ఇంకో పట్టీ కిందకి పోయి ఉంటుంది చూడండి, పైదాన్ని మెల్లిగా లేపితే కింద అరంగుళం మేర వెలుగు చూడని రంగు కనపడుతుంది. బయట బూడిద కలిసిన పింక్ అనుకున్నది లోపల ముదురు గులాబీ అవ్వొచ్చు, అదీ తేడా.

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, షేడ్ కార్డు పక్కన పెట్టి ఒక్కో రంగుకీ దగ్గరి నంబరు రాసుకోండి. గ్రౌండ్ రంగు మర్చిపోకండి, పేపర్ అంతా ముందు ఒక రంగు పూసి దాని మీద డిజైన్ వేసేవాళ్లు, మనం తెల్ల కాగితం అనుకునేది ఒక్కోసారి పూసిన క్రీమ్ రంగు. తర్వాత రంగులు లెక్కపెట్టండి. పాత పేపర్లో ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు బ్లాకో రోలరో, కాబట్టి లెక్క ఉంటుంది, ఏడో ఎనిమిదో, గ్రేడియెంట్లు (ఒక రంగు మెల్లిగా ఇంకోదాంట్లో కలవడం) మామూలుగా ఉండవు. రంగు మీద రంగు పడ్డ చోట భూతద్దం పెట్టి చూస్తే ఏది ముందు పడిందో ఏది తర్వాతో తెలుస్తుంది.

బంగారు రంగు చోట కంచు పొడి వాడి ఉంటే అది గోధుమరంగుకో ముదురు పచ్చకో తిరిగిపోయి ఉంటుంది, దాన్ని బ్రౌన్ అనుకోవద్దు. మామూలు డిజిటల్ ప్రింట్‌లో మెరుపు రాదు. పసుపు గోధుమతో సరిపెట్టుకోవాలి, లేదా ప్రింట్ అయ్యాక ఆ చోట్ల మాత్రం స్టెన్సిల్‌తో మైకా పొడి రంగు వేసుకోవాలి. పెద్ద గదికి అంత పని వద్దులెండి, బోర్డర్ వరకైతే బాగుంటుంది.

6. గీయడం

మీరు కొలిచిన రిపీట్ సైజుకే ఫైల్ తెరవండి, 18న్నర అంగుళాలకి 300 డీపీఐలో 5550 పిక్సెళ్లు. ట్రేసింగ్ స్కాన్ అడుగున పెట్టి, ఒక్కో రంగుకీ ఒక్కో లేయర్ (విడి పొర), గ్రౌండ్ విడిగా. రేపు రంగు మార్చాలంటే ఒక్క లేయర్ మారిస్తే పోతుంది, అందుకే.

క్రిటాలో డబ్ల్యూ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది, కుడి అంచు దాటి గీసింది ఎడమ అంచులో కనపడుతుంది. గింప్‌లో అయితే ఆఫ్‌సెట్ వాడి సగం జరిపి మధ్యలో అతుకు చూసుకోవాలి. హాఫ్ డ్రాప్ అయితే ఒక యూనిట్ పక్కన సగం కిందకి జారిన యూనిట్ కలిపి రెండు యూనిట్ల టైల్ (పక్కపక్కన పేర్చుకుంటూ పోయే ముక్క) చేసుకోండి, అప్పుడది మామూలు స్ట్రెయిట్ టైల్ లాగే పనిచేస్తుంది. ఇంక్‌స్కేప్‌లో బొమ్మని తనే గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ ఉంది గానీ అది చిరుగుల్నీ మరకల్నీ కూడా డిజైన్ అనుకుని గీసేస్తుంది, తర్వాత శుభ్రం చేయడం కంటే చేత్తో గీసుకోవడమే త్వరగా అవుతుంది.

ఒక మాట, మరీ నీట్‌గా చేయకండి. పాత పేపర్లో ఔట్‌లైన్‌కీ లోపలి రంగుకీ మధ్య చిన్న ఖాళీ, కొన్నిచోట్ల రంగు గీత దాటడం ఉంటాయి. అవన్నీ దిద్దేసి అంచులు బ్లేడుతో కోసినట్టు చేస్తే క్లిప్ ఆర్ట్ అయి కూర్చుంటుంది. ఎంత తప్పి ఉందో కొలిచి, అంతే తప్పించి పెట్టండి.

తీగలు మెలికలు తిరిగి, నల్ల గీతల పువ్వులతో ఉంటే ఇదెక్కడో చూసినట్టుందే, పెడన కలంకారీలా ఉందే అనిపిస్తుంది కొందరికి. ఊరికే కాదు. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి పోయిన అద్దకం బట్టలకి యూరప్‌లో పిచ్చి గిరాకీ, అక్కడి వాల్‌పేపర్ వాళ్లు ఆ పువ్వుల్ని కాపీ కొట్టేవాళ్లు. అలాగని మీ పేపర్లో లేని కలంకారీ మోటిఫ్‌లు తెచ్చి ఇరికించకండి.

డిజైన్‌లో ఒక భాగం ఎక్కడా దొరక్కపోతే పక్కనున్న ఆకుల తీరు చూసి నింపండి, కానీ అది మీరు నింపిందని వేరే లేయర్లో పెట్టి పేరు రాసుకోండి, తర్వాత ముక్క దొరికితే మార్చుకోవచ్చు. కాపీరైట్ సంగతి: అమెరికాలో ప్రచురణ అయి 95 ఏళ్లు దాటిన డిజైన్ అయితే గొడవ లేదు. ఇప్పటి కంపెనీ ఏదైనా అదే డిజైన్‌ని కొత్తగా గీసి అమ్ముతుంటే దాన్ని స్కాన్ చేసి వాడకండి, మీ గోడ ముక్క నుంచే గీసుకోండి.

7. వెడల్పు లెక్క, అందరూ ఇక్కడే దొరికిపోతారు

ఆన్‌లైన్ ప్రింట్ వాళ్ల రోల్ చాలాచోట్ల 24 అంగుళాలు. మీ పాత డిజైన్ అడ్డం రిపీట్ 9 అంగుళాల పావు అనుకోండి. 24లో 9.25 రెండున్నర సార్లకి పైన పడుతుంది, సమంగా పోదు. అంటే ఒక పట్టీ సగం పువ్వు దగ్గర ఆగుతుంది, పక్క పట్టీ మళ్లీ మొదటి పువ్వుతో మొదలవుతుంది, అతుకు కలవదు. పేపర్ అంటించే ఆయన ఎంత పనిమంతుడైనా ఏమీ చేయలేడు.

డిజైన్‌ని 8 అంగుళాలకి కుదించేసి సమం చేద్దామా అంటే పువ్వులు ఏడో వంతు చిన్నవైపోతాయి, పాత ఇంటి ఎత్తు గోడ మీద అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సరైన దారి ఏంటంటే, 24 అంగుళాల ఫైల్‌లో డిజైన్ 18న్నర వరకే (రెండు రిపీట్లు) పెట్టి మిగతాది ఖాళీ వదలండి, అంచుల్లో సన్నటి కోత గుర్తులు పెట్టండి, పేపర్ వచ్చాక స్టీల్ పట్టీ వేసి కొత్త బ్లేడుతో కోసుకోండి. పాతకాలంలో పట్టీ అంచు కోసినట్టే. పేపర్ కొంత వృథా అవుతుంది, తప్పదు. వద్దనుకుంటే గోడ మొత్తాన్ని ఒకే పెద్ద బొమ్మ (మ్యూరల్) ఫైల్‌గా చేసి, 24 అంగుళాల పట్టీలుగా విడగొట్టి, పట్టీలకి వరస నంబర్లు వేసి ఆర్డర్ చేయొచ్చు, అయితే అంటించేటప్పుడు వరస తప్పకూడదు.

8. శాంపిల్ రాకుండా ఆర్డర్ చేయొద్దు

ఒక పూర్తి రిపీట్ శాంపిల్ తెప్పించుకోండి, మ్యాట్ పేపర్ మీద, ఎందుకంటే పాత డిస్టెంపర్‌కి మెరుపు ఉండదు, నిగనిగలాడే పేపర్ మీద ఎంత మంచి రంగయినా ప్లాస్టిక్ లాగే కనిపిస్తుంది. రాగానే చేయాల్సినవి ఇవీ.

టేపు పెట్టి రిపీట్ కొలవండి. 18న్నర ఉండాల్సింది 18న్నరే ఉండాలి. పదహారో వంతు అంగుళం తేడా ఏముందిలే అనుకుంటారు, పాత పేపర్ పక్కన అంటిస్తే ఐదు రిపీట్లు దిగేసరికి అది అంగుళంలో మూడో వంతు దగ్గరికి వస్తుంది, ఆకు తెగిపోయినట్టు కనపడుతుంది. గది మొత్తం కొత్తదే వేస్తుంటే ఇంత పట్టింపు అక్కర్లేదు.

మైలార్ ట్రేసింగ్ దాని మీద పరచండి, గీతలు గీతల మీద పడాలి. శాంపిల్‌ని మధ్యకి కోసి అంచులు మార్చి కలిపి చూడండి, అతుకు తెలిసిపోతుంది. తర్వాత గోడకి అంటించి పొద్దున ఒకసారి, రాత్రి లైట్లేసి ఒకసారి చూడండి. పసుపు బల్బు కింద పచ్చ రంగు బురదలా, నీలం బూడిదలా మారిపోవడం మామూలే. గదికి అవతలి మూల నుంచి కళ్లు చికిలించి చూస్తే డిజైన్‌లో అనుకోని చారలు, మచ్చలు వరసగా ఉన్నాయేమో బయటపడతాయి. ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసినా అంతే.

రంగు తేడా ఉంటే ఒకే షీటులో అదే పువ్వుని కొంచెం ముదురు, కొంచెం లేత, కొంచెం పసుపు కలిపి రకరకాలుగా పెట్టి ఇంకో శాంపిల్ వేయించండి. స్క్రీన్ మీద చూసి ఊహించడం కంటే ఇదే చవక.

9. ఎంత కావాలి

గోడ ఎత్తు 102 అంగుళాలు, రిపీట్ 18న్నర అనుకుందాం. 102ని 18న్నరతో భాగిస్తే ఐదున్నర, పైకి రౌండ్ చేస్తే ఆరు. అంటే పట్టీ పొడవు 111 అంగుళాలు, పైనా కిందా కోయడానికి 9 మిగుల్తుంది. 12 అడుగుల గోడకి 18న్నర వెడల్పు పట్టీలు ఎనిమిది పడతాయి. హాఫ్ డ్రాప్ అయితే పట్టీకి ఇంకో సగం రిపీట్ కలుపుకోండి. మొత్తం మీద ఒకట్రెండు పట్టీలు ఎక్కువ చెప్పండి, అన్నీ ఒకే ఆర్డర్లో. తర్వాత విడిగా ఒక పట్టీ తెప్పిస్తే రంగు కాస్త మారుతుంది, అది మధ్య గోడలో పడితే రోజూ కళ్లకి అదే కనిపిస్తుంది.

అంటించడానికి గోడకి ముందు లైనింగ్ పేపర్ (అడుగున వేసే సాదా పేపర్), ఆ పైన మిథైల్ సెల్యులోజ్ జిగురు లేదా గోధుమ పిండి జిగురు వాడమనండి, రేపు తీయాలంటే నీళ్లతో వచ్చేస్తుంది. అంటించే ఆయనకి రిపీట్ కొలత, మ్యాచ్ రకం, పైవైపు గుర్తు రాసిన కాగితం చేతికివ్వండి, నోటిమాటగా వద్దు. ఫైల్‌ని లేయర్లతో ఉన్నది ఒకటి, ప్రింట్‌కి పంపిన టిఫ్ (బొమ్మ ఫైల్ రకం) ఒకటి దాచుకోండి, పాత ముక్కలు ఏసిడ్ ఫ్రీ ఫోల్డర్లో పెట్టి బీరువాలో పెట్టండి. బేస్‌మెంట్లో మాత్రం పెట్టకండి, చెమ్మకి బూజు పట్టేస్తుంది.